అప్‌డేట్: ‘రన్’ అనే మాటకు ఇన్ని అర్థాలు ఎలా గుర్తుపెట్టుకోవాలి? (దారి దొరికింది)

రన్ అంటే పరుగెత్తడమని నేర్చుకున్నాక కంపెనీ, ముక్కు, బట్టల రంగు అన్నీ ‘రన్’ అవుతుంటే ఏం చేయాలని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

అర్థాలన్నీ రాసుకుని బట్టీ పట్టమన్న సలహా నాకు పనిచేయలేదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీలో క్రియారూపానికే 645 అర్థాలు తేలాయట, ఎక్కడని ఆపుతాం?

పనిచేసింది మాత్రం ‘మన “పడు” చూడండి’ అన్న ఒక్క మాట. వాన పడుతుంది, జీతం పడుతుంది, భయపడతాం, కష్టపడతాం. వీటిని మనం ఏ రోజూ లిస్టు రాసి నేర్చుకోలేదు, పక్కనున్న మాటతో కలిపి విన్నాం, అంతే.

అప్పటినుంచి ‘రన్’ను ఒంటరిగా రాసుకోవడం మానేశాను. ‘రన్నింగ్ నోస్’ అంటే ముక్కు కారడం. ‘రన్ ఎ కంపెనీ’ అంటే కంపెనీ నడపడం (ఇంగ్లిష్ వాళ్లు పరుగెత్తించేదాన్ని మనం నడిపిస్తాం, ఇది నాకు భలే నచ్చింది). ‘ద కలర్ ర్యాన్’ అంటే రంగు దిగింది. వీటన్నిటిలో ఏదో ఒకటి ఆగకుండా సాగుతోందని చూస్తే చాలావరకు అర్థమవుతున్నాయి.

‘రన్ ఇన్‌టు’, ‘రన్ అవుట్ ఆఫ్’ లాంటివి మాత్రం ఈ సూత్రానికి లొంగలేదు. మొదటిది అనుకోకుండా ఎదురుపడటం, రెండోది అయిపోవడం. వాటిని విడి మాటలుగానే నేర్చుకున్నాను. ఇప్పుడు ‘గెట్’ మొదలుపెట్టాను, ఇదే పద్ధతిలో.