నాన్నకి లంగ్ క్యాన్సర్, డాక్టరేమో స్నానం ఎవరు చేయిస్తారని అడుగుతున్నారు, ఎందుకు?

పెద్దకొడుకు:
నాన్నకి 76, ఊపిరితిత్తుల క్యాన్సర్, నాన్ స్మాల్ సెల్ అనే రకం, నాలుగో స్టేజ్ అన్నారు. స్కాన్లు బయాప్సీ అన్నీ మోసుకెళ్తే డాక్టర్ గారు చూసి పక్కన పెట్టేసి, స్నానం తనే చేస్తారా, బాత్రూమ్‌కి ఒక్కరే వెళ్తారా, ట్యాబ్లెట్లు ఎవరు తీసిస్తారు, పగలు ఎంతసేపు పడుకుంటారు, ఇవే అడిగారు. నాన్న అన్నిటికీ "నేనే చేస్కుంటా" అనేశారు, అమ్మ మాత్రం నా వైపు చూసింది. వయసైపోయింది కదా అని కీమో తప్పించడానికేనా ఇదంతా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రెండోకోడలు:
తప్పించడానికి కాదండీ, ఎంత మందు తట్టుకోగలరో చూడ్డానికి. మా అత్తయ్యకీ ఇవే అడిగారు. ఈకాగ్ స్కోర్ అని ఒకటుంటుంది, రోజువారీ పనులు ఎంతవరకు చేస్కోగలరో చెప్పే అంకె. 0 అంటే మామూలుగా తిరిగే మనిషి. 1 అంటే బరువు పనులు చేయలేరు కానీ తిరుగుతారు, తేలిక పనులు చేస్తారు. 2 అంటే తన పనులు తను చేస్కుంటారు కానీ బయట పని చేయలేరు, మెలకువగా ఉన్న టైమ్‌లో సగానికి పైగా లేచే ఉంటారు. 3 అంటే సగానికి పైగా మంచం లేదా కుర్చీ, 4 అంటే పూర్తిగా మంచమే. 3, 4 లో కీమో మంచి కన్నా చెడే ఎక్కువ చేసే ప్రమాదం ఉంది కాబట్టి వెనకాడతారు. అసలు చిక్కెక్కడంటే పెద్దవాళ్ళు డాక్టర్ ముందు ఓపిక తెచ్చుకుని నిటారుగా కూర్చుంటారు, ఆ పది నిమిషాలు చూసి 1 వేసేస్తారు, ఇంటికొచ్చాక సాయంత్రం దాకా లేవరు. మీ అమ్మగారిని అడిగి ఉన్నదున్నట్టు రాసి డాక్టర్‌కివ్వండి, నాన్నగారి ముందు కాకుండా.

ఫిజియో:
పైన చెప్పింది కరెక్ట్. ఇంకోటి, స్నానం, బట్టలు, బాత్రూమ్, మంచం దిగడం, ఇవి చివర్లో పోతాయి. ముందు పోయేవి వేరే, బ్యాంకు లెక్కలు చూస్కోవడం, మందులు టైమ్‌కి వేస్కోవడం, ఒంటరిగా బయటకెళ్ళి రావడం. వీటిలో సాయం కావాల్సిన పెద్దవాళ్ళకి కీమో సైడ్ ఎఫెక్ట్స్ ఎక్కువ వస్తుంటాయి, ఈకాగ్ 1 ఉన్నా సరే. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలరా చూడండి, ఈమధ్య పడ్డారా అని అడగండి (దాచేస్తారు, అడిగి మరీ తెలుసుకోవాలి). ట్రీట్‌మెంట్ మొదలయ్యాక కూడా గమనించాలి, పాక్లిటాక్సెల్ లాంటి కీమో మందులతో వేళ్ళు తిమ్మిరెక్కి చొక్కా గుండీలు పెట్టుకోలేరు, స్టెరాయిడ్స్ ఎక్కువకాలం వాడితే తొడ కండరాలు నీరసించి మెట్లెక్కలేరు. అది క్యాన్సర్ ముదిరిందనుకుని ఇంట్లోవాళ్ళు బెంబేలెత్తిపోతారు.

వాదించేవాడు:
వయసొక్కటే చూసి కీమో వద్దంటే మాత్రం ఒప్పుకోకు అన్నా. 2011లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో ఫ్రాన్స్ వాళ్ళ ట్రయల్ వచ్చింది, 70 నుంచి 89 ఏళ్ళ వాళ్ళు, ఇదే నాన్ స్మాల్ సెల్. ఒక మందు ఇచ్చినవాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 6.2 నెలలు, రెండు మందులు కలిపి ఇచ్చినవాళ్ళది 10.3. కాకపోతే రెండు మందులతో సైడ్ ఎఫెక్ట్స్ కూడా బాగా పెరిగాయి, అందుకే ఎవరికి ఇవ్వాలో ఏరుకోవాలి. 2021లో ఇంకోటి, 70 దాటినవాళ్ళకి ఇలా రోజువారీ పనులు, మతిమరుపు, తిండి, ఇంట్లో ఆసరా అన్నీ పరీక్షించి ఆ వివరాలు డాక్టర్‌కిస్తే, తీవ్రమైన సైడ్ ఎఫెక్ట్స్ 71 శాతం నుంచి 51కి తగ్గాయి, ఆరు నెలల తర్వాత బతికున్నవాళ్ళ శాతంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. డోసు మొదట్నుంచే తగ్గించి ఇవ్వడం కూడా ఒక కారణం. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే టెస్టులు (క్యాన్సర్ కణాల్లో జన్యు మార్పులు చూసేవి) పంపారా? అవి పాజిటివ్ వస్తే ట్యాబ్లెట్లే, ఓపిక లేనివాళ్ళకీ ఇస్తారు, కొంతమంది మంచం మీంచి లేచి తిరుగుతారు కూడా.

పెద్దకొడుకు:
టెస్టులు పంపారు, రిపోర్ట్ రావాలి. అమ్మని పక్కకి పిలిచి అడిగితే గుండీలు తనే పెడుతోందంట, మధ్యాహ్నమంతా పడకేనంట, స్నానానికి స్టూల్ వేస్తోందంట. మరి ఇది ఇంక ఇంతేనా, పెరిగే ఛాన్స్ ఉందా?

ఫిజియో:
కారణాన్ని బట్టి. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందా, రక్తం తక్కువుందా, నొప్పికి మందు సరిపోతోందా, నిద్రమాత్రలు వాడుతున్నారా, మనసు బాలేదా, ఇవన్నీ సరిచేయగలిగినవే. నీరు తీస్తే ఆయాసం తగ్గి తిరిగినవాళ్ళని చూశా. పాలియేటివ్ టీమ్‌ని (నొప్పి, ఆయాసం లాంటి బాధలు తగ్గించేవాళ్ళు) ఇప్పుడే కలపమనండి, ఆ పేరు వినగానే ఆఖరి రోజులు అనుకోవద్దు. ఇంకా గుండీలు ఎప్పట్నుంచి పెట్టట్లేదో కనుక్కోండి, కీమో ఇంకా మొదలవలేదు కదా, చేతుల్లో బలం తగ్గిందా తిమ్మిరా ఆయాసమా అన్నది డాక్టర్‌కి తెలియాలి.