నాలుగు ముద్దల నూడుల్స్ గిన్నె: పద్ధతా, పిసినారితనమా?

కౌలూన్ కొత్తవాడు:
హాంకాంగ్ వచ్చి మూడు నెలలైంది. ఆఫీసులో అందరూ మెచ్చుకుంటే నగరం నడిబొడ్డున ఉన్న సెంట్రల్ పేటలో, పేరుమోసిన ఒక వన్‌టన్ (పలుచని పిండి పొరలో కూరు చుట్టిన ఉండ) నూడుల్స్ దుకాణానికి వెళ్లాను. గిన్నె చూసి, రుచి చూడమని ముందుగా కొంచెం పెట్టారేమో అనుకున్నాను. నాలుగు ముద్దల నూడుల్స్, అడుగున నాలుగు వన్‌టన్‌లు, అంతే! సంప్రదాయం పేరు చెప్పి కొలత తగ్గించడం కాదా ఇది?

ఎండుచేప చారు:
కాదండీ. ఆ చిన్న గిన్నెను ఇక్కడ ‘సై యుంగ్’ అంటారు. దక్షిణ చైనాలోని గ్వాంగ్జౌ వీధుల్లో కావడి మోసుకుంటూ అమ్మిన చిరుతిండి అది, భోజనం కాదు. అసలు కారణం నూడుల్స్‌లోనే ఉంది. గోధుమ పిండిని బాతు గుడ్లతో, కాస్త క్షారజలంతో కలుపుతారు. పాత పద్ధతి పాటించేవారు లావాటి వెదురు బొంగు మీద కూర్చుని, ఎగురుతూ ఆ ముద్దను అదుముతారు. సన్నటి ఆ నూడుల్స్ కొన్ని సెకన్లు ఉడికితే చాలు. వెంటనే చన్నీళ్లలో ముంచుతారు, దాన్నే ‘చల్లని ఏరు దాటించడం’ అంటారు. క్షారపు వాసన పోయి, పంటికి బిగువు తగులుతుంది. వేడి చారులో పడ్డాక ఆ బిగువు నిమిషాల్లో పోతుంది. అందుకే గిన్నె చిన్నది, వన్‌టన్‌లు అడుగున, నూడుల్స్ పైన. పది దోసెలు ఒకేసారి పోసి పళ్లెంలో పేర్చితే మీరు తింటారా?

లెక్కల మనిషి:
దోసెల పోలిక బాగుంది కానీ, కావడి కాలంలో చిరుతిండికి చిరుతిండి ధరే ఉండేది. పైగా వెనకటి వన్‌టన్‌లో పంది మాంసమూ ఉండేది, ఒక్క నోటికి సరిపోయేంత చిన్నది. ఇప్పుడు చాలాచోట్ల లోపల అంతా రొయ్యలే. ఆ సంప్రదాయాన్ని వదిలేసినవారికి గిన్నె దగ్గర మాత్రమే సంప్రదాయం గుర్తొస్తుందా?

ఎండుచేప చారు:
రొయ్యల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. ధర సంగతి దుకాణం అద్దెను అడగాలి.

షామ్‌షుయ్‌పో వాసి:
ఇద్దరూ సెంట్రల్ దాటి రారేమిటి? మా పేటలో తెలియనివారి పక్కనే స్టూలు లాక్కుని కూర్చోవాలి. నేను ‘లో మీన్’ చెబుతాను. చారు లేని నూడుల్స్ మీద ఎండు రొయ్యల గుడ్ల పొడి చల్లి, చారు వేరే గిన్నెలో ఇస్తారు. మెత్తబడతాయన్న తొందర లేదు, కడుపూ నిండుతుంది. చారులో పంది ఎముకలు, ఎండుచేప మరుగుతాయి కాబట్టి శాకాహారులకు మాత్రం ‘మాంసం తీసేసి ఇవ్వండి’ అన్నా లాభం లేదు.

కౌలూన్ కొత్తవాడు:
నిన్న మీ పేటకు వెళ్లాను. ముందు లో మీన్, తర్వాత ఒక సై యుంగ్ తిన్నాను. రెండోది ఫోను ముట్టకుండా తినేసరికి బిగువు తెలిసింది. సెంట్రల్ గిన్నె ధర మీద నా ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. ఇంతకీ బల్ల మీది ఎర్ర వెనిగర్‌ను చారులో పోసుకోవచ్చా? పోస్తుంటే ఎదురుగా కూర్చున్న పెద్దాయన అదోలా చూశారు.