సమస్యాపూరణం: "మాయ తెలిసిన మగనికి మనువు బరువు"

ఈ వారం సమస్య తేటగీతి అనే ఛందస్సులో ఇస్తున్నాను. ఇది పద్యంలో చివరి పాదం. దీనికి ముందు మూడు పాదాలు రాసి పద్యం నింపడమే పూరణ.

మాయ తెలిసిన మగనికి మనువు బరువు

కొత్తవాళ్ల కోసం గణాలు (గురు లఘువుల గుంపులు) విడదీసి చూపిస్తాను. మాయ (హగణం), తెలిసిన (నలం), మగనికి (నలం), మనువు (నగణం), బరువు (నగణం). అంటే ఒక సూర్యగణం (చిన్న గణం), రెండు ఇంద్రగణాలు (పెద్దవి), మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం మీద యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి: మా, మ. తేటగీతికి ప్రాస (పాదాలన్నిటిలో రెండో అక్షరం ఒకటే కావడం) నియమం లేదు కాబట్టి భయపడకుండా రాయండి.

ఈ పాదం ఎక్కడిదో కూడా చెప్పాలి. మూడేళ్లుగా ఒక నవల రాస్తున్నాను. అందులో నాయకుడు మాంత్రికుడు. ఆ విద్య అతను కోరుకున్నది కాదు, తాత చనిపోతూ చెవిలో చెప్పి పోయాడు. దీపం వైపు చూస్తే వెలుగుతుంది. కోపం వస్తే ఇంటి కప్పు మీద పెంకులు కదులుతాయి. అతను కోరుకున్నదల్లా రెండెకరాల పొలం, ఒక ఆవు, తోడుగా ఒక మనిషి. పెళ్లయింది. పదకొండో ప్రకరణంలో భార్య "నా ముందు మంత్రం వెయ్యొద్దు" అంటుంది. అక్కడ ఆగిపోయాను. ఎందుకంటుందో నాకే అంతుపట్టడం లేదు. ఆ టెన్షన్‌లో ఒక రాత్రి కాగితం మీద రాసుకున్న పాదమే ఇది. మీ పూరణలు చదివితే దారి దొరుకుతుందని ఆశ.

రాజమండ్రి సభ్యుడి పూరణ

నీట మునిగిన సౌభరి నెలత నడుగ
నేబదుగురును వలచిరి యింతు లతని
ఇంటి కొకరూపు దాల్చి తానెంత యలసె!
మాయ తెలిసిన మగనికి మనువు బరువు

సమస్య చూడగానే సౌభరి గుర్తుకు రావడం సహజం. యమున నీటి అడుగున తపస్సు చేసుకుంటూ, చేపల సంసారం చూసి పెళ్లి మీద మనసుపడ్డ ముని. మాంధాతను ఒక్క కూతురినిమ్మని అడిగితే, తపశ్శక్తితో యువకుడై వచ్చిన అతణ్ని చూసి యాభైమందీ వరించారు. పోతన భాగవతం నవమ స్కంధంలో ఈ కథ ఉంది. చివరికి అతను పడే బాధ కూడా అక్కడే ఉంది: ఒంటరిగా ఉన్నవాణ్ని యాభై అయ్యాను, బిడ్డలతో అయిదువేలయ్యాను అని.

పద్యం నడక బాగుంది. రెండో పాదంలో ఏ, ఇ యతి శుద్ధంగా ఉంది. రెండో పాదం చివర "అతని" దగ్గర వాక్యం ఆగింది కనుక మూడో పాదాన్ని సంధి కలపకుండా అచ్చుతో మొదలుపెట్టడాన్ని నేను తప్పు పట్టను. పట్టేవాళ్లూ ఉన్నారు.

నా అసంతృప్తి ఒక్కటే. "ఎంత అలసె" అని మనమే చెప్పేస్తే పాఠకుడికి మిగిలేదేముంది? విష్ణుపురాణంలో ఇదే కథలో ఒక ఘట్టం ఉంది. కూతుళ్లు ఎలా ఉన్నారో చూద్దామని మాంధాత వస్తాడు. ఒక్కొక్క మేడకూ వెళ్లి అడుగుతాడు. ప్రతి కూతురూ ఒకే మాట చెబుతుంది: "నాన్నా, నాకే లోటూ లేదు. కానీ ఆయన ఎప్పుడూ నా దగ్గరే ఉంటున్నారు. అక్కచెల్లెళ్ల దగ్గరికి పోవడం లేదు. వాళ్లెంత బాధపడుతున్నారో అని నా దిగులు." యాభై ఇళ్లలో యాభైసార్లు అదే దిగులు! ఆ మాటను పద్యంలోకి తెస్తే ఈ సమస్యకు అంతకంటే పెద్ద పూరణ ఉండదని నా నమ్మకం. మళ్లీ ప్రయత్నించండి, ఎదురుచూస్తాను.

డాలస్ నుంచి ఒక సభ్యుడు (మొదటి పద్యమట)

ల్యాపుటాపున మంత్రాలు లక్ష లుండె
పాలు పొంగిన నాపెడు మంత్ర మేది
చంటి దేడ్చిన నూపుట చాతకాదు
మాయ తెలిసిన మగనికి మనువు బరువు

మొదటి పద్యానికి గణాలన్నీ సరిగా పడటం చిన్న విషయం కాదు. మనస్ఫూర్తిగా అభినందనలు. "ల్యాపుటాపున" హగణం, భగణాల్లో హాయిగా ఇమిడింది. ఇంట్లో వాడే మాట పద్యంలో కూర్చుంటే నాకు సంతోషం.

రెండో పాదంలో యతి తప్పింది. పా, మం కుదరవు.

— డాలస్ సభ్యుడు: ప-వర్గకు, మకారానికి యతి చెల్లుతుందని ఎక్కడో చదివానండీ.

అది పు, ఫు, బు, భు అక్షరాలకు "ము"తో చెల్లే యతి. ఉకారం ఉంటేనే. "పా"కు, "మం"కు ఆ వెసులుబాటు లేదు. పాదం చివర "పటిమ లేదు" అని మార్చి చూడండి: పాలు పొంగిన నాపెడు పటిమ లేదు. యతి పా, ప. ఇంకో లాభం కూడా ఉంది. మొదటి పాదంలో మంత్రాలు అన్నాక రెండో పాదంలో మళ్లీ మంత్రం అనే మాట పోయింది.

— డాలస్ సభ్యుడు: సరిచేసుకున్నాను. నిజంగానే నిన్న పొద్దున ఆఫీసు మీటింగ్‌లో ఉండగా పాలు పొంగిపోయాయి. స్టవ్ తుడుస్తూ మూడో పాదం అనుకున్నాను.

అందుకే ఆ పాదంలో చంటిది ఏడుస్తుంటే నిజంగా వినపడుతోంది.

కాకినాడ సభ్యుడి పూరణ

గాలి నడచెడు వానికి కాలు నిలువ
దాలి పిలుపన్న తాడుతో నాగకున్న
ఓడ కడుగున రాళ్లట్టు లొరగనీదు
మాయ తెలిసిన మగనికి మనువు బరువు

— కాకినాడ సభ్యుడు: మా పక్కన తాళ్లరేవులో చెక్క ఓడలు కట్టేవారండి. సరుకు లేకుండా బయల్దేరే ఓడ అడుగున రాళ్లో ఇసుకో నింపాలి. లేకపోతే తెరచాపకు గాలి తగలగానే పక్కకు వాలిపోతుంది. ఖాళీ ఓడకు బరువే రక్ష. "బరువు" అనే మాట వినగానే నాకు అదే తోచింది.

ఇది చదివి కుర్చీలోంచి లేచాను. మనమందరం బరువంటే మోయలేనిదనే అనుకున్నాం. ఈయన దాన్ని నిలబెట్టేదిగా చూశారు. సమస్యను కాదనకుండా, ఒక్క అక్షరం మార్చకుండా, అర్థాన్ని తలకిందులు చేయడం పూరణలో పై మెట్టు. "ఓడ కడుగున రాళ్లట్టు లొరగనీదు" పాదాన్ని బయటికి చదవండి, ఆ ళ్ల, ట్ట అక్షరాల్లో రాళ్లు పేర్చిన చప్పుడు ఉంది. రెండో పాదంలో "ఆలి"కీ "ఆగకున్న"కీ అచ్చుల యతి చక్కగా పడింది.

ఒక్క పేచీ. తాడు ఒక బొమ్మ, రాళ్లు ఇంకో బొమ్మ. తాడుతో కట్టేస్తే పడవ కదలదు, రాళ్లు నింపితే కదులుతూనే నిటారుగా ఉంటుంది. రెండింటి పని వేరు. నాలుగు పాదాల పద్యంలో రెండూ పట్టవు. నన్నడిగితే తాడు తీసేసి మొదటి రెండు పాదాలనూ సముద్రానికే ఇచ్చేస్తాను.

— రాజమండ్రి సభ్యుడు: ప్రవరుడికి కూడా ఇది సరిపోతుంది కదా? పాదలేపం ఉన్నా మనసు ఇంటి మీదే.

సరిపోతుంది. సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకుని హిమాలయానికి పోయి, మంచునీటికి అది కరిగిపోతే, వరూధిని ఎంత చెప్పినా వినకుండా అగ్నిని వేడుకొని ఇల్లు చేరినవాడు. పెద్దన ప్రవరుణ్ని ఎవరైనా తెస్తారనుకున్నాను, పూరణగా రాలేదు. కర్దముడూ రాలేదు. బిడ్డ పుట్టేదాకే సంసారమని ముందే షరతు పెట్టి దేవహూతిని చేసుకుని, ఆమె కోసం యోగశక్తితో విమానం సృష్టించిన ముని. మా నవల నాయకుడికి ఆయన దగ్గరి చుట్టమే.

హనుమకొండ సభ్యురాలి పూరణ

వంటరుచి బట్టి నలునామె పట్టె నాడు
నీరు నిప్పును పిలిచిన నిలుచు గాని
కన్న బిడ్డలు కనబడ కనులు తడిసె
మాయ తెలిసిన మగనికి మనువు బరువు

నలుణ్ని మంత్రగాడిగా చూడాలని నాకెప్పుడూ తట్టలేదు. నన్నయ అరణ్యపర్వంలో ఎన్నిసార్లు చదివానో! బాహుకుడనే పేరుతో, వికారమైన రూపంలో, గుర్రాలు తోలే పనిలో ఉన్నాడు. అతను చూస్తే ఖాళీ కుండ నిండుతుంది, గడ్డి పట్టుకుంటే మండుతుంది, పూలు నలిపితే ఇంకా విచ్చుకుంటాయి. ఇవన్నీ దమయంతి దాసితో చూడమంటుంది, విని ఊరుకుంటుంది. వండిన మాంసం తెప్పించి రుచి చూస్తుంది. పిల్లల్ని పంపుతుంది. వాళ్లను ఒళ్లోకి తీసుకుని అతను ఏడుస్తాడు.

ఈ పద్యంలో రెండో పాదం చివరి "గాని" ప్రాణం. అంతవరకు శక్తి, అక్కణ్నించి మనిషి. బరువు అనే మాటకు అర్థం చెప్పాల్సిన పనే లేకుండా తడిసిన కళ్ల పక్కన పెట్టి ఊరుకున్నారు. గణం, యతి ఎక్కడా వంక లేదు. "నలుని + ఆమె" అన్నచోట ఆమె ఎవరో కథ తెలిసినవాళ్లకే అందుతుంది, ఆ మాత్రం అందుకోగలిగిన పాఠకులే మనకు ఉన్నారు.

తెనాలి సభ్యుడి పూరణ

తల్లి నెడబాసి యొంటిగా తరలి వచ్చె
నత్తవారింటి ముంగిట నడుగు పెట్టె
పుట్టినిల్లును తనవారు పూర్తి దూర
మాయ, తెలిసిన మగనికి మనువు బరువు

చూశారా! పాదం చివరి "దూర"ను సమస్య మొదటి మాటకు అంటించగానే "దూరమాయ" అయింది. మాయ మాయమైంది. మంత్రగాడే లేడు. పుట్టిల్లు దూరమైందని తెలిసిన మగడు మిగిలాడు. అతనికి మనువు బరువు, అంటే బాధ్యత. మాటను ఇలా కొత్తచోట విడదీసి కలపడమే విరుపు. అవధానాల్లో (వేదిక మీద అప్పటికప్పుడు పద్యాలు చెప్పే సభల్లో) పృచ్ఛకుడి చేత, అంటే సమస్య అడిగేవాడి చేత, చప్పట్లు కొట్టించే చమత్కారం అది. చాలాసార్లు అది చమత్కారం దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ విరిచిన చోటి నుంచే కొత్త అర్థం పుట్టింది.

"పూర్తి దూరము" మాత్రం పద్యం కోసం తెచ్చిపెట్టుకున్నట్టుంది. "పూర్తిగా" అంటాం కదా. పుట్టినిల్లును చెలియల పొందు దూర / మాయ అంటే పు, పొ యతి నిలుస్తుంది, స్నేహితురాళ్లు కూడా లోపలికి వస్తారు.

— రాజమండ్రి సభ్యుడు: "ఆయె" కదండీ సాధువు?

"అయ్యె", "ఆయె" సాధువులే, అంటే వ్యాకరణానికి సరిపోయే రూపాలే. "ఆయ" పాటల్లో వినిపించే రూపం. అవధాన వేదిక మీదైతే పట్టుకుంటారేమో, ఇంత మంచి పూరణకు నేను అడ్డం పెట్టను.

— తెనాలి సభ్యుడు: సవరణ తీసుకుంటున్నానండి. మా అమ్మాయి పెళ్లయి నాలుగు నెలలైంది. సమస్య చూసినప్పుడు మంత్రగాడు కాదు, రైలు దగ్గర దాని మొహం గుర్తొచ్చింది.

— హనుమకొండ సభ్యురాలు: అన్నా, మీ నవలలో ఆమె మంత్రం వద్దని ఎందుకన్నదో ఈ పద్యంలోనే ఉంది. ఆమె అన్నీ వదిలి వచ్చింది. దీపం అతనే వెలిగిస్తడు, నీళ్లు అతనే తెప్పిస్తడు, కూర్చున్న చోటి నుంచే. ఇద్దరు కలిసి చేసే పని ఒక్కటీ లేకపోతే ఆ ఇల్లు ఆమెది ఎట్లయితది? ఆమెకు మంత్రమంటే భయం కాదు. తను చుట్టంలెక్క ఉండిపోతనేమో అని భయం.

మూడేళ్లుగా నేను రాసిన భార్యకు మంత్రమంటే భయమే. రెండుసార్లు ఆమెతో కేకలు కూడా వేయించాను. ఆ పేజీలు ఇవాళ పక్కన పెట్టేశాను. నిన్న రాత్రి కొత్తగా రాసుకున్నది ఇంతే: కరెంటు లేని రాత్రి, ఆమె అగ్గిపుల్ల గీస్తుంది, చెమ్మకు వెలగదు. రెండోది గీస్తుంది. అతను దీపం వైపు చూడకుండా తల తిప్పుకుని, గాలి తగలకుండా చేతులు అడ్డం పెడతాడు. మూడో పుల్ల అంటుకుంటుంది.

— కాకినాడ సభ్యుడు: తాడు తీసేశానండి. కొత్త పాదాలు రేపు పెడతాను.

— హనుమకొండ సభ్యురాలు: వచ్చే వారం సమస్య ఆమె దిక్కు నుంచి ఇవ్వండి అన్నా. అందరం మగనివైపే రాసినం.

నిజమే. ఇదిగో, అదే ఛందస్సులో, యతి మం, మం. శుక్రవారం రాత్రి లోపు పంపండి.

మంత్ర మెరుగని యింతియే మంత్రగత్తె