తిరుపతిలో కరెంటు బండ్లకు ప్రభుత్వ సొమ్ము: ముందు బస్సుకా, ఆటోకా?

అలిపిరి దారి (చర్చ మొదలుపెట్టినవారు)

2022 సెప్టెంబరు 27న, బ్రహ్మోత్సవాలు మొదలైన రోజే, తిరుపతిలో ఎలక్ట్రిక్ బస్సులకు జెండా ఊపారు. ఎలక్ట్రిక్ బండ్లకు కేంద్రం ఇచ్చిన ఫేమ్-2 పథకం సబ్సిడీతో మన ఆర్టీసీకి వచ్చినవి 100. అందులో సగం కొండకు, మిగతావి రేణిగుంట విమానాశ్రయం, నెల్లూరు, కడప, మదనపల్లె రూట్లకు అన్నారు. ఇన్నాళ్లుగా వాటిలో తిరుగుతున్నవాడిగా నా అభిప్రాయం చెబుతాను, కాదనేవాళ్లు కాదనండి.

ఇకపై బ్యాటరీ బండ్ల మీద ప్రభుత్వం పెట్టే ప్రతి రూపాయీ ముందు బస్సుకే పోవాలి. ఎలక్ట్రిక్ బండి ఏదైనా 2019 నుంచి జీఎస్టీ 5 శాతమే. కోటి రూపాయల కారు కొన్నాయనకూ అదే 5 శాతం. ఆయనకు మనం పన్ను ఎందుకు తగ్గించాలి? అదే సొమ్ము బస్సులో పెడితే కొండకు పోయే కూలి మనిషి, రుయాకు పోయే పేషెంటు, యూనివర్సిటీ పిల్లలు అందరూ ఎక్కుతారు. అలిపిరి టోల్‌గేటు దగ్గర జీపుల పొగలో చంటిబిడ్డలతో నిలబడే భక్తులను చూసినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది.

లీలామహల్ స్టాండు

అన్నా, నువ్వు కారునీ ఆటోనీ ఒకే గాటన కట్టేస్తా ఉండావు. నేను పదైదేండ్లుగా షేర్ ఆటో తోలుతా ఉండాను. బస్సు రాని సందుల్లోకి పోయేది మేమే. రాత్రి పదకొండుకు రైలు దిగినోళ్లను సత్రానికి చేర్చేది మేమే.

మాకేం ఇచ్చినారో చెప్తా విను. 2024 అక్టోబరులో కేంద్రం వాళ్లు పీఎం ఈ-డ్రైవ్ అని కరెంటు బండ్ల సబ్సిడీ పథకం మొదలుపెట్టినారు. బ్యాటరీ ఒక కిలోవాట్ అవర్‌కు మొదటి ఏడాది 5,000, రెండో ఏడాదికి సగం, 2,500. అంటే పది కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఆటో ముందు కొన్నోడికి యాభై వేలు, తర్వాత కొన్నోడికి పాతికవేలు. డబ్బులున్నోడు ముందే కొనేసినాడు. పాత అప్పు తీరేదాకా ఆగినోడు నష్టపోయినాడు.

సరే, కొన్నామే అనుకో. చార్జింగ్ యాడ పెట్టాల? నేనుండేది కొర్లగుంటలో అద్దె ఇల్లు. రెండు పోర్షన్లకు ఒకటే మీటరు, అది ఓనరు పేరు మీద. కిటికీలోంచి వైరు లాగి ఆటోకు పెడితే ఓనరు ఊరుకుంటాడా? మా సందులో ఒకాయన కొన్నాడు. రాత్రి సైకిల్ షాపు వాళ్లను బతిమాలుకుని వాళ్ల ప్లగ్గులో పెట్టుకుంటాడు. వాన పడితే పట్టా కప్పుకుని పక్కనే కాపలా.

గ్యారేజీ మనిషి

రిటైరయ్యేదాకా ఆర్టీసీ గ్యారేజీలో పనిచేశాను. ఘాట్ బస్సుల బ్రేకులు విప్పి బిగించిన చేతులివి, కాబట్టి కొండ సంగతి కొంచెం వివరంగా చెబుతాను.

తిరుపతి నుంచి తిరుమలకు ఎత్తు దాదాపు 700 మీటర్లు. 13 టన్నుల బస్సును అంత ఎత్తుకు లేపడానికే లెక్క ప్రకారం సుమారు 25 యూనిట్ల కరెంటు కావాలి. మోటారు నష్టాలు, టైర్ల రాపిడి, ఏసీ ఆ పైన. డీజిల్ బస్సు కూడా ఆ శక్తి ఖర్చు పెట్టే ఎక్కుతుంది. కానీ దిగేటప్పుడు దానికి తిరిగొచ్చేది ఏమీ ఉండదు. గేరు తగ్గించి, బ్రేకు తొక్కి తొక్కి, ఆ శక్తినంతా లైనర్లలో వేడి కింద పోగొడుతుంది. మొదటి ఘాట్ మలుపులన్నీ దిగొచ్చిన బస్సు చక్రం దగ్గర చెయ్యి పెట్టలేం. డ్రమ్ము కాలిన వాసన గ్యారేజీ అంతా ఉండేది. కరెంటు బస్సు దిగేటప్పుడు మోటారే జనరేటరు అవుతుంది, కొంత చార్జి బ్యాటరీకి తిరిగి ఎక్కుతుంది, లైనర్లు చాలాకాలం వస్తాయి. ఈ బస్సుకు ఇంతకన్నా తగిన రోడ్డు రాష్ట్రంలో లేదు.

నా అభ్యంతరం బస్సు మీద కాదు, కాంట్రాక్టు మీద. బస్సు కంపెనీది, డ్రైవరు కంపెనీ మనిషి, మరమ్మతు కంపెనీది. ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని 12 ఏళ్లు కట్టాలి. సబ్సిడీ సొమ్ము ప్రజలదైనప్పుడు పన్నెండేళ్లయ్యాక ఆర్టీసీ చేతిలో ఏం మిగులుతుంది? ఇంజన్ గొంతు విని జబ్బు చెప్పే మెకానిక్కులు మన దగ్గర ఉన్నారు. వాళ్లలో ఒక్కరికీ బ్యాటరీ ప్యాకు విప్పే పని నేర్పకపోతే ఆ తర్వాత ఎవరి కాళ్లు పట్టుకోవాలి?

ఎస్వీయూ మెకానికల్

పర్యావరణం పేరు చెప్పి సబ్సిడీ అడిగేముందు ఒక లెక్క చూడాలి. మన దేశంలో యూనిట్ కరెంటు తయారీకి సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది, ఎక్కువ భాగం బొగ్గుదే కనుక. లీటరు డీజిల్‌కు సుమారు 2.7 కిలోలు. చిన్న బస్సు కిలోమీటరుకు ఒక యూనిట్ తాగితే 0.7. లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లిచ్చే డీజిల్ బస్సుకు 0.6. అంటే ఈరోజుకి మనం పొగను అలిపిరి నుంచి ముద్దనూరు థర్మల్ స్టేషన్‌కు మార్చాం, అంతే.

అలిపిరి దారి

తమ్ముడూ, లెక్క ఒప్పుకుంటాను. కానీ ఆ 0.7 రేపు తగ్గే అంకె, సోలార్ పెరిగేకొద్దీ అదే బస్సుకు అది దిగుతుంది. డీజిల్ బస్సు తుక్కుకు పోయేదాకా 0.6 దగ్గరే ఉంటుంది. పైగా పొగ ఎక్కడ వస్తుందన్నది చిన్న విషయం కాదు. శేషాచలం అడవిలో, మలుపు మలుపుకీ మొదటి గేరులో ఎక్కే బండి వదిలే మసి నేరుగా వెనక వచ్చేవాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బస్సులు రాత్రి కాకుండా మధ్యాహ్నం, సోలార్ కరెంటు దండిగా ఉన్న వేళ చార్జి అయ్యేలా షెడ్యూలు వేయమని అడుగుదాం.

చిత్తూరు పాలమిల్లు వీధి

మీ గొడవంతా తిరుపతిది. ఉమ్మడి జిల్లాకు పేరిచ్చిన మా ఊరి సంగతి ఎవరికీ పట్టదు. 2023లో పీఎం ఈ-బస్ సేవ ప్రకటించారు, దేశానికి 10,000 బస్సులు. 2011 జనాభా లెక్కల్లో 3 లక్షలు దాటిన ఊళ్లకని పెట్టారు. చిత్తూరు అందులో సగం. ఈ-డ్రైవ్‌లో బస్సులైతే 40 లక్షలు దాటిన మహానగరాలకే. కాణిపాకానికి, పలమనేరుకు, పుత్తూరుకు పోయే మాకు పాత పల్లెవెలుగే గతి. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లే, ఒక చార్జికి పోయి రావచ్చు. జనాభా చూసి కాదు, రూట్లో ఎక్కే జనాన్ని చూసి ఇవ్వాలి.

ఇంకో బాధ కూడా చెప్పుకోనీండి. కరకంబాడిలో పెరిగిన అమరరాజా వాళ్లు 9,500 కోట్ల లిథియం బ్యాటరీ ఫ్యాక్టరీ మహబూబ్‌నగర్‌లో పెడతామని 2022లో తెలంగాణతో ఒప్పందం చేసుకున్నారు. బ్యాటరీ పనిలో ఇంత అనుభవమున్న ప్రాంతం మనది. మన పిల్లలకు దక్కాల్సిన ఉద్యోగాలవి.

గ్యారేజీ మనిషి

చిత్తూరాయన మాట నిజం. చిత్తూరు–తిరుపతి రూట్లో బస్టాండులో పావుగంట నిలబడి చూడండి, నిండని బస్సు ఉండదు.

అలిపిరి దారి

అందరి మాటలూ విన్నాక కూడా ముందు బస్సుకే అంటాను. అయితే కొత్త ఒప్పందాల్లో రెండు షరతులు ఉండాలి: గడువు తీరాక బస్సు, చార్జర్లు ఆర్టీసీవి కావాలి, ఆర్టీసీ మెకానిక్కులకు కంపెనీయే శిక్షణ ఇవ్వాలి. చిత్తూరు రూటు తర్వాతి విడతలో మొదట రావాలి. కార్లకిచ్చే పన్ను రాయితీకి ధర పరిమితి పెట్టి, అలా మిగిలే సొమ్ముతో ఆటో స్టాండ్ల దగ్గర చార్జింగ్ పాయింట్లు పెట్టొచ్చు. లీలామహల్ అన్నకు యాభై వేల సబ్సిడీ కన్నా అదే మేలని నా నమ్మకం.

లీలామహల్ స్టాండు

చార్జింగ్ పాయింటు కావాల, కాదనను. కానీ అది వచ్చినంతమాత్రాన బండి కొనలేము కదన్నా. మూడు లక్షల పైమాట బండి, పెట్రోల్ ఆటోకిచ్చినట్టు దీనికి ఫైనాన్స్ వాళ్లు అప్పు ఇయ్యరు, బ్యాటరీ పోతే బండికి విలువ లేదంటారు. ప్రభుత్వం ఆ అప్పుకు పూచీ నిలబడాల. స్టాండుకు పది పాయింట్లు, అప్పుకు పూచీ, ఈ రెండూ ఇస్తే సబ్సిడీ మొత్తం బస్సుకే ఇచ్చుకోండి, మా యూనియన్‌లో నేనే ముందు సంతకం పెడతాను.