‘తెలిసింది’ అంటే ఎవరికి తెలిసింది?

‘మంత్రి రాజీనామా చేయనున్నట్లు తెలిసింది’ వంటి వాక్యాలు పత్రికల్లో రోజూ చూస్తున్నాం. ఎవరికి తెలిసిందో, ఎవరు చెబితే తెలిసిందో రెండూ లేవు. వ్యాకరణం దీన్ని ఒప్పుకుంటుందా?

— నిరభ్యంతరంగా ఒప్పుకుంటుందండీ. ‘నాకు తెలిసింది’లో ‘నాకు’ తీసేసినా మన వాక్యం కుంటుపడదు. విలేకరికి అదే కలిసొచ్చింది. ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ అన్నప్పుడు కనీసం ఎవరో ఒకరున్నారన్న భ్రమైనా ఉండేది! ఇదే కబురు ఇంట్లో చెప్పుకుంటే ‘రాజీనామా చేస్తాడట’ అంటాం. నేను విన్నదే తప్ప కన్నది కాదని ఆ ‘ట’ ఒప్పేసుకుంటుంది. అచ్చులో అది పుకారులా కనిపిస్తుందని కాబోలు, వార్తల్లోకి రానివ్వరు. శీర్షికకు మాత్రం ‘మంత్రి రాజీనామా?’ అని ప్రశ్నార్థకం తగిలిస్తారు. అడుగుతున్నారా, చెబుతున్నారా?

— ఆ ‘ట’ ఊడిపోతే ఏమవుతుందో 2018లో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు ‘తిరుగుతున్నాయట’ అన్న మాట నాలుగు ఫోన్లు దాటేసరికి ‘తిరుగుతున్నాయి’ అయింది. అప్పట్లో దేశమంతా చేతులు మారిన వీడియో ఒకటుంది. మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో వాళ్లే పిల్లవాణ్ణి వెనక్కి తెచ్చి దింపి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క కత్తిరించి మిగతాది పంచారు. వీడియోకూ ‘ట’ ఉంటుందన్నమాట! ఆ పుకార్లతో కొన్నిచోట్ల అమాయకులను కొట్టి చంపారు. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరా పోలీసులను పంపి, డప్పులతో, పాటలతో ‘నమ్మకండి’ అని చెప్పించాల్సి వచ్చింది.

— ‘తెలిసింది’ సంగతి అలా ఉంచండి. నాకు అంతకంటే అనుమానం ‘స్పష్టం చేశారు’ మీద. నిధులు మళ్లించలేదని ఒక నాయకుడు అన్నాడనుకుందాం. ఒక పత్రికలో ఆయన ‘స్పష్టం చేస్తారు’, ఇంకోదానిలో ‘బుకాయిస్తారు’. మొదటి క్రియ అది నిజమని ముద్ర వేస్తే, రెండోది అబద్ధమని తేల్చేస్తుంది. నిధులు ఎటు పోయాయో రెండు పత్రికలూ రాయవు! మనవాడైతే ‘నిలదీశారు’, కానివాడైతే ‘అక్కసు వెళ్లగక్కారు’.

— మరి ఏ క్రియ వాడాలంటారు?

— ‘అన్నారు’.