ఇన్ని తిట్లు తిన్నా ఈ20 ఎలా నిలబడింది? జట్రోఫా ఎందుకు పోయింది?

పాతబండి_2012: 2014లో పెట్రోల్‌లో ఇథనాల్ (చెరకు, మొక్కజొన్న లాంటి వాటి నుంచి తీసే ఆల్కహాల్) ఒకటిన్నర శాతం. ఇప్పుడు 20, అదే ఈ20. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఈ20 మీద వేసిన పిటిషన్ కూడా కొట్టేసింది. 2009 పాలసీలో జట్రోఫా గింజల నూనెతో చేసే బయోడీజిల్‌కూ 20 శాతమే లక్ష్యం, అది అడ్రస్ లేకుండా పోయింది. ఎందుకు? నా బండి 48 ఇచ్చేది, ఇప్పుడు 41.

మక్కరైతు_నిజామాబాద్: జట్రోఫా నేనూ పెట్టిన అన్నా, నాలుగెకరాల చెలకలో. నీళ్లక్కర్లేదన్నారు. నీళ్లు లేక కాపే సరిగా రాలేదు. వచ్చిన గింజలు కొనేవాడు లేడు. పీకేసిన.

ఇంజన్_మేస్త్రి: 18 ఏళ్లుగా ఇదే పని నాది. 41 అంటే 15 శాతం తగ్గినట్టు. నీతి ఆయోగ్ 2021 నివేదికలో టూవీలర్లకు 3–4, పాత కార్లకు 6–7 శాతం అని ఉంది. ఇథనాల్ శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, 20 శాతం కలిపితే 7 దాటదు. కార్బురేటర్ చూపించండి.

పాతబండి_2012: ఆరుసార్లు ఫుల్ ట్యాంక్ కొట్టించి లెక్కేశాను. కార్బురేటర్ కొత్తది. పెట్రోల్ పైపు ఉబ్బిపోయింది, అదీ నా తప్పేనా?

ఇంజన్_మేస్త్రి: తప్పని నేననలేదు. పాత రబ్బరుకు ఇథనాల్ పడదు. మైలేజ్ లెక్క మాత్రం ఒప్పుకోను.

కోళ్లషెడ్డు: మీ గొడవ మైలేజ్ దగ్గరే ఆగింది. ఇథనాల్‌కు పోయే మొక్కజొన్నే మా కోళ్ల దాణాలో సగం పైన. 2024లో దాని ధర పెరిగి నేను ఒక బ్యాచ్ వదిలేశాను.

మక్కరైతు_నిజామాబాద్: మీకు చవగ్గా రావాలంటే మేం మునగాలా? 2025-26లో మక్కలకు మద్దతు ధర క్వింటాలుకు 2,400. నేను 1,900కే అమ్ముకున్న. ఇథనాల్ తీసే డిస్టిలరీలు కూడా లేకుంటే ఇంకెంతకు పోయేదో.

గోదారి_గట్టు: జవాబు మీ మాటల్లోనే ఉంది. జట్రోఫాకు కొనేవాడు లేడు, ఇథనాల్‌ను ఆయిల్ కంపెనీలే ముందే ఖాయం చేసిన రేటుకు కొంటాయి. వడ్డీ రాయితీతో ప్లాంట్లు లేచాయి, అప్పులున్నాయి, వెనక రైతులున్నారు. మైలేజ్ పోయిందంటే చమురు దిగుమతి బిల్లు చూపిస్తారు, తిండిగింజలంటే రైతును చూపిస్తారు. మన నష్టం లీటరుకు నాలుగైదు రూపాయలు, దానికోసం రోడ్డెక్కేదెవరు? నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో ఊరు ఊరంతా హైవే మీద కూర్చుంటే ఇథనాల్ ప్లాంటు పనులు ఆపారు. అక్కడ నష్టం వాళ్ల నీళ్లకు, వాళ్ల పొలాలకు.

కోళ్లషెడ్డు: నా నష్టం నాలుగైదు రూపాయలు కాదండీ.

పాతబండి_2012: నాదీ కాదు. బంకులో ఇథనాల్ కలపని మామూలు పెట్రోల్ కూడా పెట్టమంటున్నా, అంతే. మేస్త్రి గారూ, ఇథనాల్ తట్టుకునే పైపు పాత బండికి దొరుకుతుందా?

ఇంజన్_మేస్త్రి: దొరుకుతుంది. మోడల్ చెప్పండి. పైపుతో పాటు కార్బురేటర్‌లోని ఫ్లోట్ బౌల్ గ్యాస్కెట్ కూడా మార్చండి.