కరివేపాకు మీద పురుగులు: మందు కొట్టాలా, సీతాకోకచిలుకలకు వదిలేయాలా?

మిద్దెతోట, విజయవాడ:
ఉగాదికి ముందే మా మిద్దె మీద జీనియాలు, పెంటాస్, నూరు వరహాలు విరగబూశాయి. సీతాకోకచిలుకలు రావాలనే పెట్టాను, వస్తున్నాయి కూడా. కాస్త ఎండెక్కితే చాలు, నల్లవీ పసుపువీ దిగుతాయి. పిల్లలు పళ్లెం పక్కన పెట్టి మరీ చూస్తున్నారు. చిక్కల్లా కరివేపాకుతో వచ్చింది. చలి తగ్గాక కొమ్మలు కత్తిరిస్తే కుండీ నిండా లేత చిగురేసింది. ఇప్పుడు దాని మీద పచ్చటి పురుగులు, రెండు కొమ్మలకు ఈనెలే మిగిలాయి. మా అత్తగారు ఏరి పారేయమంటున్నారు. వాట్సాప్ గ్రూపులో వేపనూనె కొట్టమన్నారు. మా అమ్మాయేమో అవి సీతాకోకచిలుకల పిల్లలని కుండీ దగ్గరికి ఎవరినీ రానివ్వడం లేదు. ఏం చేయమంటారు?

నిమ్మతోట, గూడూరు:
ఏరేయండి, ఆలోచించక్కర్లేదు. మాది నిమ్మ, ఈ పురుగు తిండి ఎలా ఉంటుందో మేం ఏటా చూస్తాం. ఎదిగిన చెట్టు మీద నాలుగు పురుగులుంటే మేమూ పట్టించుకోం. నర్సరీలో జానెడు మొక్కల మీద పడితే మాత్రం ఆకులన్నీ పోయి పుల్లలు మిగులుతాయి. మళ్ళీ చిగురేసినా మొక్క గిడసబారిపోతుంది, దాన్ని ఎవరూ కొనరు. ఎగిరేటప్పుడు ముద్దుగానే ఉంటుంది. దాని పురుగు తినే ఆకు ఎవరిదో కూడా చూడాలి కదండీ.

పచ్చతోరణం, వరంగల్:
గూడూరు వారి కష్టం నిజమే, నర్సరీ సంగతి వేరు. కానీ విజయవాడ వారి ఇంట్లో ఉన్నది ఒక కుండీ. ముందు అవి ఏ పురుగులో దగ్గరగా చూడమనండి. కరివేపాకు, నిమ్మ, మారేడు ఒకే కుటుంబం మొక్కలు. మన ఊళ్ళలో వీటి మీద ఎక్కువగా గుడ్లు పెట్టేవి రెండు. ఒకటి కామన్ మోర్మన్: మగది నల్లగా ఉండి, వెనక రెక్కల మీద తెల్లటి మచ్చల వరస ఉంటుంది. రెండోది లైమ్ బటర్‌ఫ్లై: నలుపు మీద లేత పసుపు మచ్చలు, వెనక రెక్క చివర ఎర్రటి మచ్చ.

ఆడది ముందు కాళ్ళతో ఆకును తట్టి, అది తన పిల్లలు తినే ఆకే అని తేల్చుకుంటుంది. తర్వాత లేత చిగురు మీద ఒక్కొక్క గుడ్డే పెడుతుంది. ఆవగింజ కంటే చిన్నది, లేత పసుపు రంగు. గుడ్డులోంచి వచ్చిన పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా, గోధుమ తెలుపు కలిసి ఉంటుంది, అందుకే పిట్టలు వదిలేస్తాయి. చివరి దశలో ఆకుపచ్చగా మారి, ముందు వైపు లావెక్కి కళ్ళలాంటి మచ్చలతో కనిపిస్తుంది. పుల్లతో మెల్లగా తాకించి చూడండి. తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ముల్లాంటిది బయటికి చాపుతుంది, ఘాటు వాసన వస్తుంది. చీమలను, కందిరీగలను తరమడానికి దానికున్న ఆయుధం అదే. మీ అమ్మాయికి తప్పకుండా చూపించండి.

ఆకు తినే దశ దాదాపు రెండు వారాలే. తర్వాత ప్యూపా, అంటే గూడు దశ, అది విచ్చుకోవడానికి ఇంకో వారం పది రోజులు. ఆరోగ్యంగా ఉన్న కరివేపాకు అంతలో చచ్చిపోదు, కత్తిరించినట్టే మళ్ళీ గుబురుగా చిగురేస్తుంది.

అద్దెఇల్లు, కూకట్‌పల్లి:
మాది బాల్కనీ, ఉన్నది ఒక్క కరివేపాకు కుండీ. అందులో సగం పురుగులకు పోతే చారులోకి ఏం వేసుకోవాలి? పూలు పెడుతున్నాం, తేనె ఇస్తున్నాం. గుడ్లు బయట ఎక్కడో పెట్టుకుంటాయి. బీటీ మందు, అదే బాక్టీరియాతో చేసే పురుగుమందు, సేంద్రియమే కదా, అది కొడితే తప్పేముంది? పైగా గొంగళి పురుగు తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

ఉప్పాడతీరం, కాకినాడ:
దద్దుర్లు తెచ్చేవి వెంట్రుకల పురుగులండి. మునగ చెట్టు మొదట్లో గుంపులుగా అతుక్కుని ఉండేవి అవే, వాటికి దూరంగా ఉండాల్సిందే. కరివేపాకు మీది పురుగు నున్నగా ఉంటుంది, దాంతో దురద రాదు.

పచ్చతోరణం, వరంగల్:
కూకట్‌పల్లి వారికి: బయట ఎక్కడో అన్నారు. ఆ బయటే తరిగిపోతోంది, నా బాధంతా అదే. ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకకు జిల్లేడు కావాలి. పసుపు, లేతాకుపచ్చ ఎమిగ్రెంట్లకు తంగేడు, రేల కావాలి. క్రిమ్సన్ రోజ్ పురుగులు ఈశ్వరి తీగను, ఆ జాతి తీగలను తప్ప ఇంకేమీ తినవు. ఆ తీగల్లోని విషం వాటి ఒంట్లో ఉంటుందని పిట్టలు ముట్టవు, మోర్మన్ ఆడవాటిలో కొన్ని ఆ వేషమే వేసుకుని బతుకుతాయి. ఈ మొక్కలన్నీ ఉండేది ఖాళీ స్థలాల్లో, చెరువు గట్ల మీద, రోడ్డు పక్కన. పిచ్చి మొక్కలని జేసీబీతో ఒక్క పూటలో ఊడ్చేస్తున్నాం. తేనె పెట్టి పిలిచి, ఆకు లేకుండా చేస్తే అవి మన తోటలో ఆగవు, చూసిపోతాయంతే.

బీటీ సేంద్రియమే, కాదనను. ఆకుతో పాటు పురుగు కడుపులోకి వెళ్ళి పేగులను దెబ్బతీసి చంపుతుంది. క్యాబేజీ మీది చిమ్మట పురుగైనా, మీ కరివేపాకు మీది సీతాకోకచిలుక పురుగైనా దానికి ఒకటే. వేపనూనె కూడా పురుగును ఎదగనివ్వదు. సీతాకోకచిలుకల కోసం పెంచే తోటలో ఈ రెండూ కొట్టడం నాకు అర్థం కాదు. పేనుబంక పడితే గట్టిగా నీళ్ళు కొట్టి కడిగేయండి, చాలు.

పూల విషయం కూడా ఒక మాట. రేకుల మీద రేకులు కుక్కినట్టుండే హైబ్రిడ్ బంతి కంటే ఒంటి వరస రేకుల జీనియా, పొగడబంతి, నూరు వరహాలు మేలు. వాటిలో తేనె అందుతుంది.

నిమ్మతోట, గూడూరు:
చిన్న మొక్క మీద మాత్రం నా మాట మారదు. కూకట్‌పల్లి వారి కుండీ లేతదైతే ఏరాల్సిందే. కానీ ఏరి పారేయక్కర్లేదు. కరివేపాకు మొదట్లో పిలకలు వస్తూనే ఉంటాయి. ఒకటి రెండు వేరుతో సహా తీసి వేరే కుండీలో పెట్టండి, బతికి ఆకు పట్టాక అది పురుగులది. పురుగును చేత్తో లాగకండి, చర్మం చిట్లుతుంది. అది కూర్చున్న రెమ్మను కత్తిరించి ఆ కుండీలో కొమ్మకు ఆనిస్తే తనే పాక్కుంటూ వెళ్తుంది.

అద్దెఇల్లు, కూకట్‌పల్లి:
నాది రెండేళ్ళ మొక్క, పిలకలున్నాయి. అలాగైతే చేస్తాను. వంట కుండీలోకి వచ్చినవి మాత్రం ఉంచను.

మిద్దెతోట, విజయవాడ:
మాది పెద్ద చెట్టే, కాబట్టి పురుగులను వదిలేస్తున్నాం. పది రోజులు పక్కింటి కరివేపాకుతో గడుపుతామని అత్తగారిని ఒప్పించాను. మందేమీ కొట్టను. ఒక పురుగు తినడం మానేసి పిట్టగోడ మీద పాకుతోందని అమ్మాయి ఇప్పుడే చెప్పింది. పట్టి చెట్టు మీద పెట్టమంటారా?

పచ్చతోరణం, వరంగల్:
వద్దండి. ప్యూపా కట్టడానికి చోటు వెతుక్కుంటోంది. గోడకో కొమ్మకో పట్టు దారం కట్టుకుని, నడుముకు ఇంకో దారం చుట్టుకుని ఆగిపోతుంది. అక్కడ నీళ్ళ పైపు పెట్టకుండా, చీపురు తగలకుండా చూడండి.